గొడుగు కథలో చిలక

ఇంటి నుంచి,
జూన్ 3, మంగళవారం.

ఉతికినవి: దుప్పట్లు రెండు, దిండు గలీబులు నాలుగు, మీ అన్నయ్య చొక్కాలు ఐదు. కుట్టినవి: ఆ చొక్కాలకి ఊడిపోయిన గుండీలు మూడు. తుడిచినవి: కిటికీలన్నీ, ఫ్యాన్లు రెండు. బాగు చేయించినవి: వంటింటి కుళాయి. బాగుపడనివి: తడి తువ్వాలు మంచం మీద పడేసే మీ అన్నయ్య అలవాటు. మిగిలిన పని: నీకు ఉత్తరం.

ప్రియమైన జిగురుకి,

బైండింగ్ షాపు పెట్టినప్పుడు నీకు ఈ పేరు నేనే పెట్టాను కాబట్టి, ఎవరేమనుకున్నా పిలిచే హక్కు నాదే.

నీకో సంగతి చెప్పాలి. నెల రోజులుగా దాచాను. జరగకపోతే నువ్వు ఏడాదంతా ఆటపట్టిస్తావని భయం. మన వారపత్రికలో ఎండాకాలం ఒక హత్య సీరియల్ వచ్చింది గుర్తుందా? మూడో వారం శవం మీద నాలుగు కత్తిపోట్లు, ఏడో వారానికి ఆరు. చచ్చిపోయాక వచ్చి ఆ రెండు పోట్లూ పొడిచిందెవరని ఎడిటర్‌కి కార్డు రాశాను. జవాబు రాయకుండా ఒకసారి రమ్మని కబురు పెట్టింది.

వెళ్ళాను. బల్ల నిండా కాగితాలు, కాగితాల మధ్య కళ్ళజోడు, కళ్ళజోడు వెనక ఎడిటరమ్మ.

"ఏం చేస్తుంటారు?" అంది.

"ఇల్లు చూసుకుంటానండి."

"హత్య నవలలు ఎన్ని చదివుంటారు?"

"లెక్క ఇంట్లో ఉంది. చూసి చెప్పనా?"

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను మళ్ళీ చూసింది. మూడు నవలల మీద సమీక్షలు రాసిమ్మంది. మూడూ బాగుంటే వారం వారం అర పేజీ శీర్షిక నాకే ఇస్తానంది. రెండు అచ్చయ్యాయి, కత్తిరించి ఇందులో పెట్టాను. రెండోదాన్లో, హత్య జరిగిన ఇంట్లో అందరూ తొమ్మిదిసార్లు కాఫీ తాగారు గానీ ఒక్కరూ కప్పు కడగలేదు, కడిగి ఉంటే సాక్ష్యం పోయేది, కాబట్టి కడగనివ్వనిది రచయితే అని రాశాను. దానికి పాఠకులు ఉత్తరాలు రాశారట!

నవ్వకు గానీ, నాకీ శీర్షిక కావాలి. ఎంత కావాలో మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. తుడిచిన గచ్చు సాయంత్రానికి మాసిపోతుంది, వండింది గంటలో అయిపోతుంది. అచ్చయింది మాత్రం వారమంతా అలాగే ఉంటుంది. ఇరవై మూడేళ్ళ సంసారంలో నేను చేసిన పని మర్నాటికి మిగలడం ఇదే మొదలు.

మూడోది 'తడవని గొడుగు'. నువ్వు పంపిన పుస్తకమే. మన పద్ధతి చెప్తే ఎడిటరమ్మ నమ్మలేదు. "చివరి పేజీ ముందే చదివేస్తున్నారని మీ ఆడపడుచు పుస్తకం విప్పి చివరి అధ్యాయం దాచేస్తుందా? హంతకుడెవరో మీరు రాసి పంపితేనే అది పోస్టులో వస్తుందా?" అని రెండుసార్లు అడిగింది. కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు పడిన శిక్ష అండీ, ఇంకా నడుస్తోంది అన్నాను.

ఇక నా జవాబు. హంతకుడు డాక్టర్. అంత వానలో అందరూ తడిసి వచ్చారు. గుమ్మంలో గొడుగు ఒక్కటే పొడిగా ఉంది. అంటే ఆ గొడుగు మనిషి వాన మొదలవక ముందే ఇంట్లో ఉన్నాడు. ఆ ఇంటికి గొడుగుతో వచ్చేది డాక్టర్ ఒక్కడే. ముసలి యజమాని తల మీద ఇత్తడి బొమ్మతో కొట్టింది అతనే. ఈ రచయిత నవలల్లో ఎవరికీ పేర్లుండవు, అన్నిట్లోనూ అదే డాక్టర్, అదే లాయర్, అదే మేనల్లుడు, అబద్ధం వినగానే తుమ్మే అదే డిటెక్టివ్. పేర్లు పెట్టడానికి బద్ధకమనుకుంటా.

చివరి అధ్యాయం త్వరగా పంపు. పదకొండో తేదీకి సమీక్ష ఇవ్వాలి.

నీ వదిన

---

బైండింగ్ షాపు,
జూన్ 7.

వదినా,

ముందు నెల రోజులు దాచినందుకు నీతో పచ్చి, మాట్లాడను. ఇప్పుడు పచ్చి అయిపోయింది. ఎంత బాగా రాశావే! కాఫీ కప్పుల సంగతి చదివి పక్క కొట్టు టైలర్‌కి వినిపించాను. ఆయన టేపు మెడలోంచి తీసి చేతులు జోడించాడు. "మీ వదినగారింటికి వెళ్తే కప్పు నేనే కడిగి పెడతానమ్మా" అన్నాడు.

ఇక్కడ ఊపిరాడట్లేదు. ఆఫీసు రిజిస్టర్లు రెండొందలు, ఈ నెలాఖరుకి కావాలట. బల్ల మీద ఒక పక్క రిజిస్టర్లు, ఇంకో పక్క మన హత్యలు. పాత పుస్తకాలవాడు మన తుమ్ముల డిటెక్టివ్ నవలే ఇంకొకటి తెచ్చాడు, 'గడియారాల మేడ'. రెండూ ఒకటే సైజు, ఒకటే కాగితం, ఒకటే అచ్చు. రెండూ విప్పి, పాత దారం లాగేసి, ఆరబెట్టాను. మధ్యలో జిగురు గిన్నె ఒలికింది, ఫ్యాను గాలికి కాగితాలు లేచాయి, రిజిస్టర్ల గుమాస్తా వచ్చి నెత్తిన కూర్చున్నాడు. ఆ గందరగోళంలోనే నీ చివరి అధ్యాయం కవర్లో పెట్టాను. ఇదిగో.

డాక్టరా కాదా నేను చెప్పను. చదువుకో. నేనింకా చదవలేదు, రిజిస్టర్లయ్యాక తీరిగ్గా చదువుతాను.

అన్నయ్య తువ్వాలుకి ఒక ఉపాయం. మంచం ఆయన వైపు తడిగా ఉండగానే దుప్పటి పరిచెయ్యి.

నీ ఆడపడుచు,
జిగురు

---

ఇంటి నుంచి,
జూన్ 12.

ప్రియమైన జిగురుకి,

నా తెలివి తెల్లారింది. డాక్టర్ కాదు, డ్రైవర్!

మొదట చదవగానే నాకు మతిపోయింది. రెండో అధ్యాయంలో 'డ్రైవర్ సెలవు మీద ఊరెళ్ళాడు' అని ఒక్క ముక్క ఉంది, ఆ తర్వాత పుస్తకమంతా వెతికినా ఆ మనిషి లేడు. చివర్లో డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, రెండుసార్లు తుమ్మి, నువ్వేనని అతని వైపు వేలు చూపిస్తాడు. ఇదేం అన్యాయమని పుస్తకం మూసేశాను. మళ్ళీ నాకే అనిపించింది, ఇంత పేరున్న రచయిత ఊరికే రాస్తాడా? నెలాఖరున లెక్క తేడా వస్తే తేడా దుకాణంవాడిది కాదు, ముందు మన కూడికలో చూసుకోవాలి కదా. అలాగే మొదటి నుంచీ మళ్ళీ చదివాను. తొమ్మిది తేడాలు తేలాయి. ఒక్కొక్కటే పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదీ సరిపోయాయి!

చూడు. తల మీద దెబ్బతో పోయాడని మొదటి నుంచీ అంటున్నారు, చివర్లో పాలలో మందు అంటున్నారు. కానీ రక్తం కారిందని ఎక్కడైనా రాశాడా? లేదు! మందుతో ముందే పోయాడు, దెబ్బ తర్వాత కొట్టింది. చివర్లో యజమానురాలు మేడ మెట్లు దిగి వస్తుంది, ఇంతవరకూ ఆ ఇంటికి మేడ ఉన్నట్టే మనకి తెలియదు. కానీ లేదని కూడా చెప్పలేదుగా. ఎవరూ ఎక్కలేదు, అంతే. లాయర్ మూడో అధ్యాయంలో బట్టతల, చివర్లో జుట్టు దువ్వుకుంటున్నాడు. విగ్గు! అంటే ఆయన కూడా ఏదో దాస్తున్నాడు.

అన్నిటికంటే గొప్పది చిలక. ఆఖరి అధ్యాయంలో పంజరంలో చిలక "పాలు తాగండి, పాలు తాగండి" అని సాక్ష్యం చెప్తుంది. ఇంట్లో చిలక ఎప్పుడుంది అని తల పట్టుకున్నాను. ఐదో అధ్యాయంలో 'కిటికీలో ఆకుపచ్చగా ఏదో కదిలింది' అని ఉంది. నేను కర్టెన్ అనుకుని దాటేశాను. అది చిలక! ఇక గొడుగు ఊసు చివర్లో అసలు లేనే లేదు. పుస్తకానికి పేరు పెట్టి మరీ మనల్ని గొడుగు వైపు చూడమని, తను డ్రైవర్ని అవతలి నుంచి తెచ్చాడు. ఏం గుండెరా బాబూ!

సమీక్ష నిన్న ఇచ్చేశాను. తొమ్మిదీ రాశాను. వచ్చే వారం వేస్తుందట.

మీ అన్నయ్య నా రాతప్రతి చదివి, "చిలకని ఎలా పట్టుకున్నావే!" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడం తేదీ వేసి రాసిపెట్టుకున్నాను.

నీ వదిన

---

బైండింగ్ షాపు,
జూన్ 15.

వదినా,

ఉత్తరం అందింది. చిలక చాలా బాగుంది.

రిజిస్టర్లు సగం అయ్యాయి. ఇక్కడ ఉక్కగా ఉంది. జిగురు త్వరగా ఆరిపోతోంది. టైలర్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

సమీక్ష ఇచ్చేశావన్నావు. ఇచ్చాక మళ్ళీ ఏమైనా మార్చడానికి ఒప్పుకుంటారా ఆవిడ? ఊరికే అడిగాను. అచ్చు తప్పులూ అవీ ఉంటాయి కదా అని.

ఉంటాను.

జిగురు

---

ఇంటి నుంచి,
జూన్ 26.

ప్రియమైన జిగురుకి,

ఏంటే ఆ ఉత్తరం? పాలవాడికి రాసిన చీటీలా ఉంది. ఒంట్లో బాగాలేదా? రిజిస్టర్ల గుమాస్తా ఏమైనా అన్నాడా? నా రాతలో అచ్చు తప్పులుండవని నీకు తెలియదా?

సమీక్ష వచ్చింది. ఒక ప్రతి పెట్టాను. అది కాదు నేను చెప్పాలనుకున్నది, కూర్చుని చదువు.

ఆ నవల రాసినాయన ఇంకా ఉన్నారట! పెద్దవారయ్యారు, రాయడం మానేశారు. ఎడిటరమ్మకి ఉత్తరం రాశారు. ఆవిడ నన్ను పిలిచి చదివించింది. మాటకి మాట గుర్తుపెట్టుకున్నాను: 'పాతికేళ్ళ కిందటి నవల. ప్రతి నా దగ్గర కూడా లేదు. నిజం చెప్పొద్దూ, హంతకుడెవరో నాకే గుర్తులేదు. కానీ మీ సమీక్షకురాలు డ్రైవర్ సెలవు గురించి రాసింది చదువుతుంటే, అవును, సరిగ్గా ఇలాగే అనుకుని రాశాను అని తట్టింది. ఆ చిలకని పట్టుకున్న పాఠకురాలి కోసం పాతికేళ్ళు ఎదురుచూశాను.'

నా కాళ్ళు నేల మీద లేవు. శీర్షిక ఖాయం చేసింది. ఆగస్టు మొదటి వారం నుంచి. పేరు కూడా తనే పెట్టింది, 'హంతకుల పద్దు'. ముందు సంచికలో ప్రకటన వేస్తుందట, నా ఫోటోతో. ఫోటోకి ఏ చీర కట్టుకోవాలని మీ అన్నయ్యని అడిగితే, "నలుపు తెలుపు అచ్చులో ఏదైనా ఒకటే" అన్నారు. ఆ మనిషికి సాయంత్రం దాకా కాఫీ లేదు.

నీ వల్లే కదే ఇదంతా. ఆ చివరి అధ్యాయాలు దాచి దాచి నా బుర్రకి పదును పెట్టావు. నువ్వు ఒక్కసారి వచ్చి వెళ్ళు.

నీ వదిన

---

బైండింగ్ షాపు,
జూన్ 29.

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు. చెప్పేస్తాను.

నీకు పంపింది 'తడవని గొడుగు' చివరి అధ్యాయం కాదు. 'గడియారాల మేడ'ది. రెండూ ఒక బల్ల మీదే ఆరబెట్టానని రాశాను కదా. గాలికి లేచిన కాగితాలు ఏరి కవర్లో పెట్టినప్పుడు మారిపోయాయి. రెండు పుస్తకాలకీ చివరి అధ్యాయం 'అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు' అనే మొదలవుతుంది. ఆ మేడ ఆ పుస్తకంలోది. ఆ చిలక కూడా. లాయర్‌కి విగ్గు లేదు వదినా, ఆ లాయర్ వేరు.

నువ్వు చిలక గురించి రాసిన రోజే నాకు అనుమానం వచ్చింది. గబగబా రెండో పుస్తకం తీసి చూశాను. దాని చివర్లో గొడుగు ఉంది. ఆ రోజే నీకు రాయాల్సింది. కలం పట్టుకున్నాను కూడా. నీ శీర్షిక పోతుందేమోనని, ఇన్నేళ్ళకి నీకు దొరికిన ఒక్కటీ నా చేత్తో పోగొట్టినట్టవుతుందని, ఉక్కగా ఉందని రాశాను. సమీక్ష ఎవరూ పట్టించుకోకపోతే బాగుండు అనుకున్నాను. ఆ పెద్దాయన ఉత్తరం సంగతి చదివాక నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

అసలు చివరి అధ్యాయం ఇందులో పెట్టాను.

ఒక మాట చెప్పనా? కోప్పడకు. ఆయనే ఒప్పుకున్నాడు కదా. పుస్తకం ప్రతులు ఎక్కడా లేవు, పాతిక కొట్లు వెతికినా ఒకటి దొరకదు. ఎవరికి తెలుస్తుంది? నాకు తెలుసు, నీకు తెలుసు. నేను ఎవరికీ చెప్పను. శీర్షిక వదులుకోకు.

జిగురు

---

ఇంటి నుంచి,
జూలై 2.

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం, అధ్యాయం అందాయి.

అధ్యాయం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. హంతకుడు డాక్టర్. వాన మొదలవక ముందే ఇంట్లో ఉన్నాడు, గొడుగు అతనిదే. నేను మొదటి ఉత్తరంలో రాసింది ఇదే. సరైన జవాబు రాసి, తప్పు జవాబు చూసి, నాదే తప్పని కొట్టేసుకున్నాను. పాలు పొంగి పొయ్యంతా అయ్యాయి.

కాగితాలు మారినందుకు నాకు కోపం లేదు. గాలికి లేచాయి, ఏరారు, మారాయి. నా ఉత్తరం అందిన రోజే మీరు ఒక కార్డు ముక్క రాసి ఉంటే అచ్చుకి వెళ్ళకముందే ఆపేదాన్ని. మీరు నాకు ఉక్క గురించి రాశారు. ఆ పైన నేను చీరల గురించి రాశాను మీకు. అది తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

మీ అన్నయ్యకి చెప్పాను. "రాసినాయనే డ్రైవర్ అంటున్నాడు, ఆ డ్రైవరూ కాదనడం లేదు, మధ్యలో నీకెందుకే బాధ?" అన్నారు. మీరూ అదే రాశారు. ఒక కడుపున పుట్టారు, ఒకటే మాట.

ఎవరికీ తెలియదనేది నిజమే. ఆ శీర్షిక నాకు ఎంత కావాలో కూడా మీకు తెలుసు. ఆగస్టు నుంచి ఆ అర పేజీ వారం వారం వస్తుంది, నా ఫోటో కింద. ప్రతి వారం అందులో నాకొక చిలక కనిపిస్తుంది. నావల్ల కాదు.

ఎడిటరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మీరు రావక్కర్లేదు.

ఇట్లు,
మీ వదిన

---

బైండింగ్ షాపు,
జూలై 8.

వదినా,

రావద్దన్నావు. నీ దగ్గరికి రాలేదు. ఎడిటరమ్మ దగ్గరికి వెళ్ళాను.

రిజిస్టర్లు అలాగే వదిలేసి, షాపు తాళం టైలర్‌కిచ్చి, పొద్దున బస్సెక్కాను. రెండు పుస్తకాలూ సంచిలో. నీకంటే ముందు వెళ్ళి తప్పు నాదని చెప్పేయాలని. లోపలికి వెళ్ళేసరికి ఆవిడ ఎవరిమీదో అరుస్తోంది. నన్ను చూసి, "మీరెవరు?" అంది.

"'తడవని గొడుగు' బైండు చేసింది నేనండి."

"ఏ గొడుగు?" అని, నా సంచి వైపు చూసి, "ఓహో, చిలక గొడుగా! కూర్చోండి" అంది.

"మా వదిన తప్పేం లేదండి. కాగితాలు మార్చేసింది నేను. తెలిసి కూడా చెప్పకుండా ఊరుకున్నదీ నేనే."

"మీ వదినగారు మొన్ననే వచ్చి వెళ్ళారు. మీ మాట ఎత్తలేదే!"

"మరి ఏమన్నారండీ?"

"'ఇంకో పుస్తకం చివరి అధ్యాయం దీనికి వచ్చి చేరింది. చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. తప్పు నాది' అన్నారు. ఎవరు చేర్చారని అడిగాను. 'జిగురు' అన్నారు. మైదా జిగురనుకున్నాను."

వదినా, నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడ కంగారుపడి నీళ్ళు తెప్పించింది. అంత కోపంలో కూడా నా మీదకి రానివ్వలేదన్నమాట నువ్వు.

శీర్షిక సంగతి అడిగాను. ప్రకటన ఆపేసిందట. నేను బతిమాలడం మొదలుపెట్టగానే చెయ్యి ఎత్తి ఆపింది. "పొరపాటు ఎవరికైనా జరుగుతుందమ్మా. నేను చూసిన కంపోజింగు పొరపాట్ల ముందు ఇదెంత! నాకు భయం వేసింది ఆవిడ సమర్థన చూసి. చిలక ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగాల్సిన మనిషి, చిలకకి గూడు కట్టి కూర్చోబెట్టింది. కత్తిపోట్లు లెక్కపెట్టి నాకు కార్డు రాసింది ఈవిడేనా అనిపించింది."

"ఆవిడకి లెక్క తేడా ఉంటే నిద్ర పట్టదండి. సరిపోయేదాకా వదలదు."

"అదే నేను చెప్పేది. సరిపోనిదాన్ని సరిపెట్టేస్తుంది. అదే నవల సరైన ముగింపుతో మళ్ళీ రాసిమ్మన్నాను. సరిపోని చోట సరిపోలేదని రాయగలిగితే శీర్షిక ఆవిడదే. లేకపోతే నేను వేరేవాళ్ళని చూసుకుంటాను. మళ్ళీ రాయమని ఆవిడతో చెప్పాను, దేనికోసం చూస్తున్నానో చెప్పలేదు. మీరూ చెప్పకండి."

సరేనన్నాను. బస్సులో కూర్చున్నాక ఆలోచించాను. ఇంకోసారి నీ దగ్గర ఒకటి దాచడమా? ఇక నావల్ల కాదు. ఆవిడ తిడితే తిట్టనీ. అందుకే ఉన్నదున్నట్టు రాసేశాను.

నువ్వు తిట్టినా సరే, 'మీరు' అని మాత్రం అనకు. ఆ 'మీరు' చూసి రెండు రోజులు అన్నం సహించలేదు.

జిగురు

---

ఇంటి నుంచి,
జూలై 25.

ప్రియమైన జిగురుకి,

నీ ఉత్తరం వచ్చేసరికే సమీక్ష ఇచ్చేశాను. కాబట్టి నువ్వు పరీక్ష పేపరు ముందే చూపించావన్న పాపం నీకు అంటదు, భయపడకు.

కానీ ఎంత అవస్థ పడ్డానో విను. డాక్టర్ వాన పడకముందు నుంచీ ఇంట్లోనే ఉన్నాడు, గొడుగు పొడిగా ఉంది, అంతవరకూ బాగానే ఉంది. కానీ నాలుగో అధ్యాయంలో మేనల్లుడు డాక్టర్‌కి గది తలుపు తీసినప్పుడు 'ఆయన బూట్ల తడికి చాప మీద మచ్చ పడింది' అని ఉంది. ఇంట్లోనే ఉన్న మనిషి బూట్లు ఎలా తడిశాయి? ముందు పెరట్లోకి వెళ్ళి వచ్చాడేమోనని రాశాను. కొట్టేశాను. స్నానాల గదిలో నీళ్ళు నిలిచాయేమోనని రాశాను. అదీ కొట్టేశాను. పెరట్లోకి వెళ్ళినట్టు పుస్తకంలో లేదు, నీళ్ళు నిలిచినట్టు లేదు. ఉన్నట్టు నాకు కావాలి, అంతే. డ్రైవర్‌కి సెలవు మంజూరు చేసిందీ, లాయర్‌కి విగ్గు కొనిచ్చిందీ ఈ చెయ్యేనని అప్పుడు తెలిసింది.

చివరికి ఇలా రాశాను: 'బూట్లు ఎందుకు తడిశాయో నాకు తెలియలేదు. పుస్తకంలో లేదు. ఇది సరిపోలేదు.' అంతే రాసి కలం కింద పెట్టాను. ఒక లెక్క తేల్చకుండా వదిలేయడం నాకు ఇదే మొదటిసారి. పంటి కింద రాయి పడినట్టుంది గానీ, ముద్ద మింగేశాను.

దానిపైన, పోయిన సమీక్షలో ముగింపు ఈ నవలది కాదని, డ్రైవర్‌కి, చిలకకి ఈ హత్యతో సంబంధం లేదని, తప్పు నాదని, క్షమించమని నాలుగు వాక్యాలు. రెండూ మొన్న శుక్రవారం అచ్చయ్యాయి.

ఊరంతా ఒకటే నవ్వు. మందుల షాపాయన చిల్లర ఇస్తూ, "చిలక కులాసాయేనా అండీ?" అన్నాడు. బాగానే ఉంది, పాలు తాగమంటోంది అన్నాను. ఒక పాఠకుడు చిలక బొమ్మ వేసి, చేతికి గొడుగిచ్చి పంపాడు. ఎడిటరమ్మ గోడకి అంటించింది. నేను ఊహించినంత ఘోరంగా ఏమీ లేదు. మొదటి రోజు మాత్రం వీధిలోకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. మీ అన్నయ్యే సంచీ తీసుకుని బజారుకి వెళ్ళొచ్చారు. తెచ్చిన వంకాయల్లో సగం పుచ్చులే, కానీ ఏమీ అనలేదు నేను.

ఇక ఆ పెద్దాయన. మండిపడ్డారు. 'మీ సమీక్షకురాలి సవరణని నేను ఒప్పుకోను. హంతకుడు డ్రైవరే. మొదటి సమీక్షలో తొమ్మిది రుజువులు చూపించింది, ఇప్పుడు బూట్లు తడిశాయని వంకలు పెడుతోంది. ఆవిడ మొదట ఎంత మంచి పాఠకురాలు! ఎవరో చెడగొట్టారు' అని రాశారు. తప్పు రాసినప్పుడు నెత్తిన పెట్టుకున్నాడు, నిజం రాస్తే దుమ్మెత్తి పోస్తున్నాడు చూడు. ఎడిటరమ్మ ఆ ఉత్తరం కూడా ఉన్నదున్నట్టు వేస్తానంది. వేయండి అన్నాను.

శీర్షిక ఇచ్చింది. ఆ బూట్ల వాక్యం దగ్గర వేలు పెట్టి, రెండుసార్లు చదివి, "ఇది రాయడానికి ఎంతసేపు పట్టింది?" అంది. "మిగతా సమీక్షంతా రాయడానికి పట్టినంత అండి" అన్నాను. లేచి వెళ్ళి, మనిషిని పిలిచి ఆగిపోయిన ప్రకటన అచ్చు వేయమంది. నాకు కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకున్నాను. ఆవిడ నీళ్ళు తెప్పించింది. "మీ ఇంట్లోవాళ్ళందరికీ నేను నీళ్ళు తాగించడమే సరిపోతోంది" అంది. నువ్వు వచ్చి వెళ్ళిన సంగతి అప్పుడు తన నోటితో పూర్తిగా చెప్పింది. తప్పు నాదని ఎలా నిలబడ్డావో, ఎలా ముక్కు చీదావో, అన్నీ.

మొదటి వారానికి పుస్తకం కావాలి. ఎడిటరమ్మ కొత్తది ఇస్తానంది, వద్దన్నాను. మా ఆడపడుచు పంపుతుంది అన్నాను. చివరి అధ్యాయం కవర్లో పెట్టేముందు ఈసారి ఫ్యాను ఆపు.

రిజిస్టర్లు ఎంతవరకు వచ్చాయి? గుమాస్తా గొడవ చేస్తే, ఆలస్యం తనవల్లేనని మీ వదిన అచ్చులో వేయిస్తుందని చెప్పు.

ఈ రోజు ఇల్లు తుడిచాక, పద్దు పుస్తకంలో నీ పేజీ తీశాను. చెప్పాల్సిన నిజం ఒకటి నువ్వు నాకు బాకీ పడ్డావని రెండో తారీకున కోపంతో రాసుకున్నది అందులో ఉంది. దాని ఎదురుగా, ఎనిమిదో తారీకు ఉత్తరం వల్ల, అడగకుండానే, వడ్డీతో సహా ముట్టిందని రాసి గీత కొట్టాను. చెల్లు.

నీ వదిన